మూత లేని రంపం

ఖాసిం వలి చెయ్యి మణికట్టు దగ్గర తెగి రంపప్పొట్టులో పడింది. అరబ్బు దేశంలో, అల్ రాయ్‌లోని ఒక కోతమిల్లులో రంపం మీద ఉండాల్సిన ఇనుప మూతను, పని నెమ్మదవుతోందని ఫోర్మన్ ఎప్పుడో పీకించేశాడు. వలిని ఆసుపత్రికి పంపి, బల్ల మీది నెత్తురు ఆరకముందే చిన్నపుల్లయ్యను పిలిచి అక్కడ నిలబడమన్నాడు. పోలీసులు అడిగితే వలి తాగి చెయ్యి పెట్టాడని అందరూ చెప్పాలన్నాడు.

తాగాడన్న మాటకు చిన్నపుల్లయ్య ఒళ్లు మండిపోయింది.

రాయచోటి అవతల కొండవార ముళ్లకంపలు కొట్టి, బండలు పెకలించి కొత్తగా ఊరు కట్టిన వాళ్లలో అతని తాత పుల్లయ్య ఒకడు. మొదటి సజ్జ పంట కోతకు రాగానే, ఆ భూమి తనదంటూ భూస్వామి మనుషుల్ని తోలాడు. గుడిసెలు తగలబెట్టారు. అడ్డం పోయిన పుల్లయ్య తల పగలగొట్టి చంపారు. పుల్లయ్య పెళ్లాం, జేజి రెడ్డెమ్మ, తక్కిన ఆడవాళ్లు ఆ బూడిదలోనే పొయ్యిలు పెట్టుకుని కదల్లేదు. ఊరు నిలిచింది గానీ వానలు నిలవలేదు. చిన్నపుల్లయ్య నాయన కోతమిల్లులో కూలికి కుదిరాడు. ఒకనాడు దుంగ దొర్లి రొమ్ము నలిగి ఆయన చనిపోయాడు. తాగి పడ్డాడన్నాడు యజమాని. ఆయన కల్లు ముట్టడని కూలోళ్లందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. సాయంత్రానికి ఆ మిల్లులో రంపం మళ్లీ తిరిగింది.

చెక్కల వరుసల మధ్య చేరిన వాళ్లకు చిన్నపుల్లయ్య ఇదంతా చెప్పాడు. బంగ్లా, నేపాలీ పనివాళ్లకు హిందీలో చెప్పాడు. రాయచోటి సిరాజ్ ఒప్పుకోలేదు. పనికి తెచ్చుకున్న కఫీల్ తమ ఇఖామా, ఇక్కడ ఉండనిచ్చే ఆ అనుమతి కాగితం, కొట్టేస్తే దిక్కెవరని నిలదీశాడు.

“నీకేమప్పా, ఒంటిగాడివి. నేను పోతే ఇంటికాడ పొయ్యి వెలగదు.”

“మా నాయన పక్కన నిలబడినోళ్లూ ఇట్లే అనుకున్న్యారు సిరాజూ. వలి చెయ్యి పాయె. అబద్ధం గూడా మన నోటితోనే చెప్పమంటాండారు. మూత బిగించేదాకా నేను రంపం ముట్టను.”

సిరాజ్ తల దించుకున్నాడు. ఒకరి తర్వాత ఒకరు చేతితొడుగులు ఊడదీసి కింద పడేశారు. ఫోర్మన్ “యల్లా, కదలండి” అంటూ వచ్చి చెక్కబద్దతో చిన్నపుల్లయ్య మూతి మీద కొట్టాడు. పళ్లు రాలాయి. రెండో దెబ్బకు చిన్నపుల్లయ్య ఆ బద్దను పట్టుకున్నాడు. గుంపంతా ఒక్కసారిగా మీదికి తోసుకొచ్చింది. ఫోర్మన్ దుంగల మీదికి వెల్లకిలా పడ్డాడు, తల చిట్లింది.

పోలీసులు వచ్చారు. ఫోర్మన్ చిన్నపుల్లయ్య వైపు వేలు చూపించాడు. సంకెళ్లు వేస్తుంటే చిన్నపుల్లయ్య నెత్తురు ఉమ్మి, వలి తాగలేదని, రంపానికి మూత లేదని చెప్పాడు. వినకుండా బండిలోకి తోశారు.

బండి కిటికీలోంచి అతనికి మిల్లు కనిపిస్తూనే ఉంది. ఫోర్మన్ నెత్తురు తుడుచుకుంటూ సిరాజ్‌ను రంపం దగ్గరికి నెట్టాడు. సిరాజ్ నడిచి వెళ్లి స్విచ్చికి వీపు ఆనించి, పోలీసుల వైపు తిరిగి నిలబడ్డాడు.

“వలి తాగలేదు. నేను చూసినా,” అన్నాడు. తక్కినవాళ్లకూ తెలిసేలా అదే మాట హిందీలో కూడా చెప్పాడు.

ఫోర్మన్ కొట్టిన దెబ్బకు అతని కనుబొమ చీలింది. సిరాజ్ చెయ్యి ఎత్తలేదు, జరగలేదు. మిగతావాళ్లు వచ్చి అతని చుట్టూ నిలబడ్డారు.

పోలీసులు ఇంకో బండి పిలిపించారు. అదీ చాలలేదు.