ఇంటికి తాళం

ఆ వీధిలో అందరూ పోస్ట్‌మ్యాన్‌ను గడియారం అని పిలిచేవారు. ఆయన సైకిల్ గంట వినబడిందంటే పదకొండైనట్టే లెక్క. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆయన మీద ఒక్క ఫిర్యాదు లేదు. ఎంత పొగరుబోతు కుక్క అయినా ఆయన ఒక్కసారి గదిమితే తోక ముడవాల్సిందే. అంతటి మనిషికి పిల్లి అంటే భయం.

భయమంటే మీకూ నాకూ ఉండేలాంటిది కాదు. పిల్లి కంటబడితే చాలు, అరచేతులు తడిసిపోతాయి, కాళ్ళు వాటంతటవే వెనక్కి పరిగెడతాయి. అది తననేమీ చేయదని ఆయనకు బాగా తెలుసు. తెలిసి ఏం లాభం? ఆ సంగతి కాళ్ళకు తెలియదు కదా! చుట్టాలింటికి వెళ్తే ముందు భార్య లోపలికి వెళ్ళి, నాలుగు మూలలూ చూసి వచ్చి తల ఊపేది. అప్పుడుగానీ ఆయన గడప దాటేవాడు కాదు. "అక్కడే ఆగిపోయారేం?" అని ఎవరైనా అడిగితే, బూటు లేసు ఊడిందని ఆవిడే సర్దిచెప్పేది. ఆ ఇద్దరికి తప్ప మూడో మనిషికి ఆ గుట్టు తెలియదు.

మార్కెట్ వెనక ఒక మూడంతస్తుల మేడ ఉంది. పై అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ ఉండేది. మామూలు ఉత్తరాలు వేయడానికి కిందే డబ్బాలున్నాయి కాబట్టి పేచీ లేదు. రిజిస్టరు ఉత్తరం మాత్రం చేతికిచ్చి సంతకం తీసుకోవాలి. ఆవిడ పేర అలాంటిదొకటి వచ్చింది. ఆయన రెండో అంతస్తు దాకా ఎక్కాడు. మలుపులో, మెట్టు మీద, బూడిదరంగు పిల్లి ఒకటి ముడుచుకుని కూర్చుని ఉంది. ఆయన్ని చూసి తీరిగ్గా ఆవులించింది.

అంతే, కిందికి ఎలా వచ్చిపడ్డాడో ఆయనకే తెలియదు. గోడకానుకుని చెమట తుడుచుకున్నాడు. కవరు వెనక "ఇంటికి తాళం" అని రాశాడు. రాస్తున్నంతసేపూ పైనుంచి కుట్టుమిషను చప్పుడు వినబడుతూనే ఉంది.

రెండో రోజూ అదే తంతు. మూడో రోజు మెట్ల దాకా కూడా వెళ్ళలేదు, సైకిల్ మీద కూర్చునే రాసేశాడు. మూడుసార్లు తాళమని రాస్తే ఉత్తరం పంపినవాళ్ళకే తిరిగిపోతుంది. పోయింది.

పది రోజుల తర్వాత ఆవిడ పోస్టాఫీసుకు వచ్చింది.

"కుట్టు నేర్పే స్కూల్లో టీచరు ఉద్యోగానికి పెట్టుకున్నానండీ," అని పోస్టుమాస్టరుతో చెప్పింది. "ఇంటర్వ్యూకి పిలిచారట. ఇంటికి తాళమని ఉత్తరం వెనక్కొచ్చిందట. ఆ మూడు రోజులూ నేను గడప దాటితే ఒట్టు. తప్పు పోస్టాఫీసుదని కాగితం తెస్తే, ఎల్లుండి మళ్ళీ చూస్తామన్నారు."

పోస్టుమాస్టరు ఆయన్ని పిలిచాడు. "ఏమయ్యా, తలుపు కొట్టావా?"

"కొట్టానండీ." ఆలోచించేలోపే మాట నోరు జారింది.

"విన్నారా అమ్మా? ఈయన్ని మేం గడియారం అంటాం. అబద్ధమాడే మనిషి కాదు."

ఆవిడ ముఖం చిన్నబోయింది. "మిషను చప్పుడులో నాకే వినబడలేదేమో. పాపం, అనవసరంగా అనుమానించాను. ఏమనుకోకు అన్నా," అని వెనుదిరిగింది.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఉత్తరం పోగొట్టుకున్న మనిషి, పోగొట్టినవాడికి క్షమాపణ చెప్పి వెళ్తోంది! తేలు కుట్టిన దొంగలా అలాగే నిలబడితే ఎవరికీ ఏమీ తెలియదు. అదే ఆయన భరించలేకపోయాడు. ఆవిడ గుమ్మం దాటుతుండగా, "అమ్మా, ఆగండి," అన్నాడు. "నేను తలుపు కొట్టలేదు. అసలు మీ గుమ్మం దాకా రానేలేదు."

ముద్రలు కొట్టే చప్పుడు ఆగిపోయింది. పోస్టుమాస్టరు ఒక కాగితం ముందుకు తోశాడు. "రాసివ్వు. కారణం కూడా రాయాలి."

ఆయన రాశాడు. పోస్టుమాస్టరు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివాడు. "పిల్లిని చూసి భయపడ్డావా?"

ముద్రల బల్ల దగ్గర ఎవడో మ్యావ్ అన్నాడు. ఆఫీసంతా ఘొల్లుమంది. ఆయన చెవులు కాలిపోయాయి. నేల చీలితే అందులోకి దూరిపోదామనిపించింది.

పోస్టుమాస్టరు గొంతు తగ్గించాడు. "ఒంట్లో బాలేదని రాయవయ్యా. పరువైనా దక్కుతుంది."

"అదీ తాళమని రాసినట్టే అవుతుందండీ," అన్నాడాయన, తల ఎత్తకుండా.

కాగితం మీద ముద్ర పడింది. ఆవిడ బల్ల దగ్గరే నిలబడి మొదటినుంచి చివరిదాకా చదివింది. నవ్వలేదు.

"అది కింది వాటావాళ్ళ పిల్లి. ముసలిదైపోయింది, దానికి చూపు కూడా సరిగా ఆనదు," అంది. తర్వాత కాస్త కోపంగానే, "పోనీ, కిందనుంచి ఒక్క కేక వేస్తే నేనే దిగి వచ్చేదాన్ని కదా అన్నా!" అంది.

ఆ కేక మూడు రోజులూ ఆయన గొంతులోనే ఉంది.

"పైకెందుకు రాలేదని అడుగుతారేమోనని..." అన్నాడు.

ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది.

"అడిగేదాన్ని కాదు," అంది.