ఐనార్ బాబాయి ఎక్కిన బండి

తన పికప్‌కి ముప్పై అయిదు అంగుళాల టైర్లు వేయించాలని ఆరిన్ ట్వైట్ వెళ్ళి అడిగితే, టైర్ల షాపు డెల్మర్ వంగి ముందు చక్రం మీది సందులో చెయ్యి దూర్చి చూశాడు.

"ముప్పై మూడైతే పడతాయి. ముప్పై అయిదంటే బండి ఎత్తు పెంచాలి. లేకపోతే తిప్పినప్పుడల్లా రాసుకుంటాయి."

"పెంచు."

"నువ్వు తిరిగేదంతా తారురోడ్డేగా?"

"మా బావమరిది వెండెల్ బండికి ముప్పై మూడున్నాయి."

డెల్మర్ చీటీ మీద ముప్పై అయిదని వేసుకున్నాడు. రిమ్ములు మాత్రం పదిహేడు అంగుళాలు దాటొద్దన్నాడు. "ఇరవై రిమ్ము వేస్తే టైరుకి కండ ఉండదు. గుంటలో పడితే నీ పళ్ళు రాలతాయి." ఆ ఒక్క సలహా ఆరిన్ విన్నాడు.

ఆరిన్‌కి డ్రైవింగ్ నేర్పింది వాళ్ళ ఐనార్ బాబాయి. ఆయన చేతికర్ర మీద ఆనుకుని కొత్త టైర్లను కింద నుంచి పైదాకా చూశాడు.

"ఫరవాలేదు," అన్నాడు. నార్త్ డకోటాలో ఆ మూల అంతకు మించి ఎవరూ ఎవర్నీ పొగడరు. "నేను పోతే ఇందులోనే తీసుకెళ్ళరా. శవాల్ని మోసే ఆ నల్లబండి నాకొద్దు. దానికి కర్టెన్లుంటాయి."

ఆరిన్ సరేనన్నాడు. ఆకు రాలే కాలంలో బాబాయి పోయాడు.

శవపేటిక మోసినవాళ్ళంతా ఆయన ఈడు స్నేహితులే. అందరికన్నా చిన్నవాడు డెల్మర్. ఆయనకీ ఈమధ్యే మోకాలు మార్చారు. చర్చి మెట్లు దిగి పికప్ వెనక్కి వచ్చి ఆగిపోయారు. బండి వెనక తలుపు వాళ్ళ గడ్డాల ఎత్తున ఉంది.

"ఎత్తగలమంటావా?" అన్నాడొకాయన.

"ఎత్తగలం. ఎత్తాక ఎవరెవరం మిగులుతామో చెప్పలేను," అన్నాడు డెల్మర్.

పేటిక మళ్ళీ మెట్ల మీదకి చేరింది. పాస్టరు ప్రార్థన పుస్తకం తెరిచి, ఇలాంటిదానికి ఏమీ దొరక్క మూశాడు. అందరూ టైర్ల వంకే చూశారు. ఆరిన్ చెవులు సిగ్గుతో ఎర్రబడ్డాయి. ఎందుకైనా మంచిదని వచ్చిన నల్లబండి డ్రైవరు మర్యాదగా దగ్గాడు.

"కర్టెన్ల బండి వద్దన్నాడు," అంది బాబాయి భార్య సోల్వే పిన్ని. దాంతో ఆ సంగతి తేలిపోయింది.

రోడ్డు పక్క కాలువ దాటడానికి చర్చి దారికి మట్టికట్ట వేసి ఉంది. ఆరిన్ బండెక్కి, వానకి నానిన ఆ కాలువలోకి దించి, వెనక తలుపు కట్టకి ఆనేలా నిలిపాడు. తలుపూ కట్టా సమానమయ్యాయి. ముసలాళ్ళు ఎత్తే పని లేకుండా పేటికను లోపలికి జరిపారు. మోకాళ్ళ లోతు బురదలోంచి బండి జారకుండా పైకొచ్చింది.

శ్మశానంలో కాలువ లేదు. ఉన్న గుంత ఒక్కటే, అది వేరే పనికి తవ్వింది.

అప్పుడు వెండెల్ తన పికప్‌ని వెనక్కి తెచ్చి ఆరిన్ బండికి ఆనించాడు. అది ఒక మెట్టు కింద ఉంది. బాబాయి ఆ మెట్టు దిగి, అక్కణ్ణుంచి స్నేహితుల చేతుల్లోకి దిగాడు.

"ముప్పై మూడు, బావా," అన్నాడు వెండెల్ నెమ్మదిగా.

"తెలుసులేవోయ్."

తిరిగి వెళ్ళేటప్పుడు సోల్వే పిన్ని ఆరిన్ బండిలోనే వస్తానంది. పాల డబ్బాలు పెట్టే పెట్టె బోర్లించి, ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మా కారులోంచి చూస్తే పొద్దుతిరుగుడు చేలే కనిపిస్తాయి. వాటి వెనక చెరువుందని మర్చేపోయాను," అంది ఊరు దాటాక.

ఆరిన్ బండి నెమ్మది చేశాడు. చెరువు మీద బాతులు దక్షిణానికి పోయే ముందు గుంపు కడుతున్నాయి.

"ఇంటి దగ్గర కాఫీ పెట్టి అందరూ ఎదురుచూస్తుంటారు పిన్నీ."

"చూడనీ. చెరువు వైపు తిప్పు," అంది పిన్ని.

ఆరిన్ తిప్పాడు.