అమ్మ గోడ మీద మరక

ఆ నెలంతా మా ఇంట్లో ఒకటే బెంగ: నా తమ్ముడి కొడుకు రెందాని నిలబడి ఉచ్చ పోస్తాడా, పొయ్యడా?

వాడికి పుట్టుకతోనే రంధ్రం ఉండవలసిన చోట లేదు, కిందికి ఉంది. ఐదేళ్లూ కూర్చునే పోశాడు. పెద్దాసుపత్రిలో కోసి, కుట్టి, గొట్టం తీసి, "ఇక నిలబడి పొయ్యొచ్చు" అని పంపారు. వీడికేమో భయం. జనవరిలో బడి తెరవగానే వీణ్ణి చేర్చాలి. అక్కడ మగపిల్లలంతా కంచె దగ్గర వరసగా నిలబడతారు. వీడొక్కడూ కూర్చుంటే బతకనిస్తారా?

ఇలా ఎందుకైందని అడిగితే నర్సు, "ఖాయంగా చెప్పలేం గానీ, ఇళ్ల గోడలకు కొట్టే దోమల మందు మీద అనుమానం ఉంది. కడుపుతో ఉన్నవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు" అంది. మా వెండా తెగ ఆడవాళ్లకు గోడ మీద మరక ఉంటే తిండి సయించదు. మందు కొట్టేవాళ్లు వీధి మలుపు తిరగకముందే ఆ తెల్లమరకలు గీకేసి, పేడమట్టితో అలికేస్తాం. రెందాని కడుపులో ఉన్నప్పుడు వాళ్లమ్మ, అంటే నా మరదలు ఫులుఫేలో, ఒట్టి చేతులతో గీకింది. గీకమన్నది మా అమ్మే.

ఇప్పుడు మరదలు మళ్లీ నెల తప్పింది. ఈసారి మందు కొట్టి వెళ్లగానే అమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"గోడ ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా."

పొరుగింటి న్యాదెంగా ఊరుకుంటుందా? "ఏం వదినా, మీ ఇంటికి తామర పట్టిందేంటి?"

"పడితే పట్టింది. నీ మొహానికి పట్టలేదుగా, సంతోషించు!"

పాపం, అమ్మకు చూసుకుని మురవడానికి మిగిలింది వాకిట్లోని పొట్టి ప్రహరీ ఒక్కటే. దానికి మందు కొట్టరు. ఎర్రమట్టితో, బూడిదతో దాని మీద తనే గీతలు దిద్దింది. కోడి ఎక్కినా కర్ర పట్టుకుని ఊరి చివరిదాకా తరుముతుంది.

ఆదివారం పొద్దున మనవడికి పులిసిన మొక్కజొన్న గంజి చెంబుల కొద్దీ తాగించింది. వాడు ఆటలో పడి భయం మరిచిపోయాడు. ఇక ఆపుకోలేక పరుగెత్తి, ప్రహరీ ముందు నిలబడి, లాగు కిందికి లాగాడు.

ధార తిన్నగా వెళ్లింది. సరిగ్గా అమ్మ గీతల మీదికి.

అమ్మ అలవాటుగా కర్ర అందుకుంది. అమ్మ చేతిలో కర్ర చూసి వాడు బిక్కమొహం వేశాడు. అమ్మ కర్ర పారేసి, మా ఆడవాళ్లు రాజుగారికి దండం పెట్టేటట్టు చేతులు జోడించి నేలమీద పక్కకు వాలింది.

"ఆపకు నాయనా! ఆ ఎర్రగీత దాకా కొట్టు!"

నాకు నవ్వు ఆగలేదు, ఏడుపూ ఆగలేదు. మరదలు కళ్లు తుడుచుకుంటూ లేచింది. "అత్తయ్యా, ఎండకముందే కాస్త పేడమట్టి పులుముతా."

"కూర్చో!" అంది అమ్మ. "ఆ మరక అలాగే ఉండనీ. న్యాదెంగాని పిలవండి, వచ్చి చూస్తుంది."