ఎర్ర గుర్రం కనిపించే కిటికీ

మిల్లు కప్పు మీది ఎర్ర గుర్రాన్ని దించేస్తున్నారని తెలిసినప్పటి నుంచి, ఫోనున్న ప్రతివాడూ ఫొటోగ్రాఫరైపోయాడు. నియాన్ గొట్టాలతో చేసిన గుర్రం అది. కాళ్లు ఒక జత తర్వాత ఒక జత వెలిగి ఆరుతుంటే నిజంగా పరిగెడుతున్నట్టే ఉంటుంది. మిల్లు మూతపడి ఎన్నేళ్లయినా, పొద్దుగుంకేసరికి గుర్రం మాత్రం పరుగు మొదలెట్టేది. ఇప్పుడా భవనాన్ని ఎవరో కొన్నారు. వాళ్లకు గుర్రం అక్కర్లేదు.

క్యాలెండర్లు అచ్చువేసే ప్రెస్సాయన చిట్టిని పిలిపించాడు. నెలకో చోటు నుంచి గుర్రం కనబడాలనీ, అట్ట మీదికి మాత్రం ఇంతవరకూ ఎవరూ తీయని ఫొటో కావాలనీ అన్నాడు. పాస్‌పోర్టు ఫొటోలూ పెళ్లి ఆల్బములూ చేసుకునే చిట్టికి ఇలాంటి పని రావడమే గొప్ప. సరేనంది గానీ, ఇంటికి వెళ్లాక అన్నం సహించలేదు. ఆ గుర్రం బాగోగులు చూసే మెకానిక్ ఆమె అన్నయ్యే. నాలుగేళ్ల కిందట దాని వెనక కాలి గొట్టం మారుస్తూ పైనుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది. నడుము కింద మాత్రం చచ్చుబడిపోయి, మంచానికే అతుక్కుపోయాడు.

చిట్టి సాయంత్రాలన్నీ చోట్లు వెతకడంలోనే గడిపింది. పూర్తిగా చీకటి పడితే ఫొటోలో ఎరుపంతా చెదిరిపోయి గుర్రం కాస్తా వెలుగు ముద్దలా వస్తుంది. ఆకాశంలో ఇంకా నీలం మిగిలున్న ఆ కాసేపట్లోనే తీయాలి. రైల్వే వంతెన మీద నుంచి తీస్తే గుర్రం మెడకు కరెంటు తీగలు అడ్డొచ్చాయి. ఏటి ఒడ్డున నీళ్లలో తలకిందులుగా దొరికింది గానీ, గాలి ఆగేదాకా కాళ్లు పీకేలా నిలబడాల్సొచ్చింది. ఆసుపత్రి వరండాలో నర్సు కసిరి పంపేసింది. మంగలి షాపతను పాపం కుర్చీ జరిపి మరీ అద్దంలో చూపించాడు. అందులో గుర్రం ఎదురు దిక్కుకి పరిగెడుతోంది. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఏదీ అట్ట మీదికెక్కే ఫొటో కాదు.

"మీ అన్నయ్యగారి కిటికీ ఉండగా ఇక్కడేం చేస్తున్నావమ్మా?" అన్నాడు మంగలి.

ఆ సంగతి చిట్టికి మొదటి రోజే తెలుసు. మిల్లుకు సరిగ్గా ఎదురుగా, మూడో అంతస్తులో అన్నయ్య వాళ్లిల్లు. ఆ కిటికీలోంచి చూస్తే గుర్రం మొహంలో మొహం పెట్టినట్టుంటుంది. అయితే ఆస్పత్రి నుంచి అన్నయ్యను తెచ్చిన రోజే వదిన దానికి దళసరి తెర కట్టేసింది. అది చూస్తే ఆయన తట్టుకోలేడని అందరూ అనుకున్నారు. ఎవరూ ఆ తెర జోలికి పోలేదు.

చిట్టి రెండు రోజులు తటపటాయించి వెళ్లింది. వదిన మంచం పక్కనే మిషను వేసుకుని ఎవరివో లంగాలు కుడుతోంది. చిట్టి ఆమెను వంటింట్లోకి పిలిచి, నీళ్లు నమిలి నమిలి, చివరికి విషయం చెప్పింది. ఈ ఒక్కటీ అడగొద్దని వదిన మెల్లగా అంది. అంతలో గదిలోంచి అన్నయ్య గొంతు వినబడింది.

"ఇన్నేళ్లలో నన్నెవరూ అడగనే లేదు. తియ్యి చిట్టీ ఆ తెర."

వదిన వంటింట్లోనే ఉండిపోయింది. చిట్టి తెర లాగింది. దుమ్ము రేగింది. అప్పుడే వెలిగిన గుర్రం గదంతా ఎర్రగా పరుచుకుంది. అన్నయ్య మోచేతుల మీద కాస్త లేచి, చాలాసేపు కళ్లార్పకుండా చూశాడు.

"వెనక కాలొకటి వెలగట్లేదే. ఇంకా మార్చలేదా?"

"లేదన్నయ్యా."

ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. చూసి చూసి అలవాటైపోయి ఎవరూ పట్టించుకోలేదు.

"అంటే నా తర్వాత ఎవడూ పైకెక్కలేదన్నమాట. దాని పనే నయం, కుంటుతూనైనా పరిగెడుతోంది," అని నవ్వాడు అన్నయ్య.

చిట్టికి నవ్వు రాలేదు. స్టాండు బిగించి, ఆకాశం నల్లబడేలోగా గబగబా తీసుకుంది. చెప్పి వెళ్దామని వంటింట్లోకి వచ్చేసరికి వదిన లైటు వేసుకోకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. చిట్టి పక్కన కూలబడి, తప్పు చేశానా వదినా అంది.

"తెర కట్టింది ఆయన కోసం కాదు చిట్టీ, నా కోసం," అంది వదిన. గొంతు గదిలోకి వినబడకుండా తగ్గించింది. "ఆ రోజు నేను ఆ కిటికీలోనే ఉన్నా. ఆయన పైనుంచి ఇటే చూస్తున్నాడు. ఊరికే, సరదాకి, చెయ్యి ఊపా. తిరిగి ఊపడానికి ఆయన పట్టు వదిలాడు."

చిట్టి గదివైపు చూసింది.

"ఆయనకదేం గుర్తు లేదు. డాక్టరూ అదే చెప్పాడు. నువ్వు మాత్రం ఎప్పుడూ చెప్పకు."

చెప్పనంది చిట్టి. లేచి గదిలోకి వెళ్లి తెర వేయబోతే, వద్దు, అలాగే ఉండనీ అన్నాడు అన్నయ్య.

మర్నాటి నుంచి వదిన మిషను వంటింట్లోకి చేరింది. గదిలో ఉక్కగా ఉంటోందని సాకు చెప్పింది. సాయంత్రమయ్యేసరికి అన్నయ్య ఇటు గుర్రాన్ని చూస్తూ హుషారుగా పాత కబుర్లు చెప్పేవాడు. అటు వంటింట్లో మిషను చప్పుడు ఇంకాస్త పెరిగేది. చిట్టి ఏదో ఒక వంకతో రోజూ వచ్చి, కాసేపు ఇక్కడా కాసేపు అక్కడా కూర్చునేది. రెండు గదుల మధ్య నలిగిపోయేది.

ఫొటో ఎంత బాగా కుదిరిందో చెప్పలేం. కిటికీ చట్రం, దుప్పటి మీద ఎర్రటి వెలుగు, అవతల గుర్రం. ప్రెస్సాయన చూసి పెదవి విరిచాడు. కుంటి గుర్రాన్ని గోడకు ఎవరు తగిలించుకుంటారని, ఏట్లో తలకిందులుగా ఉన్నదాన్నే అట్టకు తీసుకున్నాడు. నీళ్లలో ఆ కాలు సరిగ్గా కనబడదు.

క్రేను వచ్చిన రోజు అన్నయ్య పొద్దున్నే లేపి కూర్చోబెట్టమన్నాడు. గొట్టాలు ముందు విప్పి, బట్టలో చుట్టి దించాలని కిటికీలోంచి అరిచాడు. అంత దూరం ఎవరికి వినబడుతుంది? మొదట గుర్రం తల తెగింది. గొట్టాలు పగిలిన చప్పుడు గదిదాకా వచ్చింది. అన్నయ్య అరవడం మానేసి, దిండులోకి ఒరిగిపోయాడు.

"మీ వదినని పిలువు. ఒక్కణ్ణీ చూడలేకపోతున్నా."

చిట్టి వంటింట్లోకి వెళ్లింది. వదిన తల అడ్డంగా ఊపింది. చిట్టి తిరిగొచ్చి, పొయ్యి మీద పాలున్నాయట అని చెప్పి, తనే అన్నయ్య చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాత ఆ కిటికీలోంచి ఖాళీ ఇనప చట్రం, దాని వెనక ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు. అయినా అన్నయ్య తెర వేయనివ్వలేదు. వదిన మిషను వంటింట్లోనే ఉండిపోయింది.