చెరిపిన పిట్ట

శ్రావణమాసపు వాన రేయెల్లఁ గురిసి వెలసిన యా ప్రాతఃకాలమున మార్కాపురపు పలకగనుల నల్లరాతిగుట్టలు స్నానమాడిన యేనుఁగుపిల్లలవలె నిగనిగలాడుచుండ నవోదితభానుకిరణంబులు చూరునీటి బిందువులం దూఱి పదవతరగతి నల్లబల్లపై నాట్యమాడుచుండెను. ఇంతటి రమణీయవేళ నా గదిలోని కలములన్నియు నొక్కటే వాక్యమును వ్రాయుచుండెనన్న నవ్వవలయునో యేడ్వవలయునో తెలియదు!

"వానలో తడిసిన పిట్టవలె తల్లి గుమ్మమున నిలిచెను" అని బల్లపై వ్రాసి యందలి యలంకారపు సొగసును వివరింపుఁడని తెలుఁగు పంతులమ్మ వకుళ యడిగియుండెను. పిల్లలో, ఉపమేయమును ఉపమానముతోఁ బోల్చుటచే నిది ఉపమాలంకారమని గైడులోని ముక్కను దించి చేతులు దులుపుకొనిరి. ఒకే మూసలోఁ దీసిన యిటుకలు! వాకిట నిలిచిన ప్రధానోపాధ్యాయుఁడు నరసింగరావు మీసము దువ్వుచుఁ బలికెను.

"గంట కొట్టేలోగా ఒక్కరన్నా సొంతమాట చెప్తే సరే. లేదంటే రేపట్నుంచి గైడే వల్లెవేయించమ్మా. పరీక్షలు నెత్తిమీదున్నయ్."

ఎన్నాళ్లుగానో కలలుగన్న బోధన యీ గంటతో మట్టిగొట్టుకొనిపోవునేమో యని వకుళ తలపోసెను. అంతట నామె తటాలున గుడ్డ నందుకొని "వానలో తడిసిన పిట్టవలె" అను మాటలను జెరిపివేసెను.

"ఇప్పుడు చదవండర్రా. ఏం పోయింది?"

"ఉపమాలంకారం పోయింది టీచర్!" అని తరగతి యంతయు నేకకంఠమున నఱచెను. నరసింగరావు ఫక్కున నవ్వెను.

"పేరు కాదమ్మా! ఆ తల్లిలో ఏం పోయింది?" అని వకుళ పిల్లల నడిగెను.

నెలల తరబడి నోరు మెదపని రమీజా యను బాలిక కడపటి బల్లనుండి మెల్లగా లేచెను.

"చలి పోయింది టీచర్. ఇందాక వణుకుతా నిలబడింది. ఇప్పుడు ఊరికే నిలబడింది."

ఔరా! కట్ట తెగినట్లయ్యెను. దిక్కులేనితనము పోయెనని యొకరు, జాలి పోయెనని వేఱొకరు బల్లలెక్కినంత పని చేసి కేకలు వేయఁజొచ్చిరి. వకుళ కన్నులు సంతోషమునఁ జెమర్చెను. నరసింగరావు సైత ముండఁబట్టలేక లోనికి వచ్చెను.

"మరి పిట్టకు రెక్కలుంటయ్ గదా. ఎగిరిపోదేం?"

"గూట్లో పిల్లలున్నయ్ సార్" అని రమీజా పలికెను.

అంతలో గంట మ్రోఁగెను గాని యొక్కరును గదలరైరి. పేరు తెలిసినంతనే మనిషి తెలియనట్లు పేరు తెలిసినంతనే యలంకారమును దెలియదు. అది లేనిచోటఁ గలుగు వెలితియే దాని యెఱుక. నరసింగరావు సుద్దముక్క నడిగి పుచ్చుకొని, చెరిపిన మాటలను బల్లపైఁ దన చేతితోనే మరలఁ బొందికగా వ్రాసెను.