వెనక్కొచ్చిన నీళ్లు

శ్రీశైలం ముప్పై ఏళ్లు దేవరకొండలో ఆర్టీసీ బస్సు నడిపాడు. డీజిలు పొదుపులో ఆయన్ని మించిన డ్రైవరు లేడు. దిగుడు కనబడితే చాలు, బండిని న్యూట్రల్లో వేసి మిగతాది భూదేవికి వదిలేసేవాడు. ఆ పుణ్యానికి డిపోవాళ్లు మూడుసార్లు గోడగడియారం బహుమతిగా ఇచ్చారు. మూడూ ఒకే గోడమీద ఉండి, తలా ఒక టైము చూపిస్తుంటాయి.

అలాంటి మనిషి రిటైరైన మూడో నెలలో ఒక పడవ కొని దానికి పెట్రోలు మోటరు బిగించాడంటే వాడకట్టు నమ్మలేదు. భార్య గోవిందమ్మ మాత్రం నమ్మింది. సర్కారు డీజిలుకు పిసినారి, సొంత సరదాకు నవాబు అని మొగుడి సంగతి ఆమెకు ఎప్పుడో తెలుసు.

పడవ ఉండేది సాగర్ బ్యాక్ వాటర్లో. ఆనకట్ట దగ్గర కృష్ణ ఆగి, కొండల సందుల్లోకి ఎగదన్నిన నీళ్లకు ఆ చుట్టుపక్కల అందరూ పెట్టుకున్న పేరది. స్కూటరు మీద గంట ప్రయాణం. ప్రతి ఐతారం తెల్లవారగానే శ్రీశైలం గాలం, ఎర్రల డబ్బా, సద్ది తీసుకుని బయల్దేరేవాడు. నీళ్లమీదికి వెళ్తే ఆయనకు మళ్లీ స్టీరింగు చేతిలోకి వచ్చినట్టుండేది. రిటైరైన మనిషికి అంతకన్నా ఏం కావాలి? కానీ గోవిందమ్మ ఒక షరతు పెట్టింది.

"శాప వచ్చినన్ని రోజులు పడవ నీది. వట్టి చేతులతోటి వచ్చిన నాడు మోటరు అమ్ముడే."

అక్కడే వచ్చింది చిక్కు. శ్రీశైలం గాలానికి రెండేళ్లలో ఒక్క చేప పడలేదు. పడవకు ఆయన పాత బస్సు హారన్ కూడా బిగించాడు మరి. ఎదురొచ్చేవాడు ఎవడూ లేకపోయినా కొండ మలుపు వచ్చిందంటే హారన్ కొట్టడం ఆయన ధర్మం. ఒకపక్క మోటరు, ఒకపక్క హారన్, ఆ మోతకు చేపలు ఎక్కడ ఉంటాయి? ఇంటికి మాత్రం ప్రతి ఐతారం రవ్వో బొచ్చెనో వచ్చేది. అది ఏసోబు దయ. ఏసోబు అక్కడే వల వేసి బతికే మనిషి. శ్రీశైలం దగ్గర పైసలు తీసుకుని మంచి చేప ఏరి ఇచ్చేవాడు, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకునేవాడు.

ఇట్లా బండి సాఫీగా నడుస్తుండగా పెట్రోలు నూరు దాటింది. మొదట్లో శ్రీశైలం లెక్కచేయలేదు. గడియారాలు గెలిచిన చెయ్యి కదా, పొదుపు తనకు కొత్తా? నడి నీళ్లలో మోటరు ఆపేసి న్యూట్రల్లో పోదామని చూశాడు. నీళ్లకు దిగుడు ఉండదని ఆయనకు ఆరోజే తెలిసింది. తర్వాత రెండు మలుపులు తిరిగేవాడు ఒక మలుపు తిరిగాడు. ఆ తర్వాత ఒడ్డున కట్టేసిన పడవలోనే కూర్చుని, మోటరు మీద చెయ్యి వేసుకుని గాలం వేశాడు. చివరికి ఏసోబు కూడా చేతులెత్తేశాడు. మోటరు తోలి ఈ ఒడ్డుకు వస్తే తనకేమీ మిగలడం లేదనీ, ఇకమీదట అవతలి ఒడ్డునే అమ్ముకుంటాననీ చెప్పాడు.

ఆ మాట విన్న వారం శ్రీశైలానికి కంటిమీద కునుకు లేదు. చేప లేకపోతే మోటరు పోతుంది. మోటరు పోతే ఐతారం పోతుంది. ఐతారం పోతే వారమంతా ఆ మూడు గడియారాల కింద కూర్చోవాలి.

ఐతారం వచ్చింది. స్కూటరు ఊరు దాటకముందే ఆయనకు ఒక ఆలోచన తట్టింది. కొనే చేప కోసం అంత దూరం పెట్రోలు తగలబెట్టడం ఎందుకు, చేపలు ఊళ్లోనే అమ్ముతున్నారు కదా? తన తెలివికి తానే మురిసిపోయి బస్టాండుకు వెళ్లి కూర్చున్నాడు. వచ్చే పోయే బస్సుల్లో ఏ డ్రైవరు క్లచ్చు మీద కాలు పెట్టి నడుపుతున్నాడో చూస్తూ పన్నెండు దాకా గడిపాడు. ఆ తర్వాత మార్కెట్లో మైసయ్య దుకాణానికి పోయి, తాజాది ఏదైనా ఒకటి కట్టమన్నాడు. మైసయ్య కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఎవరైనా చూస్తారన్న తొందరలో శ్రీశైలం విప్పి చూడలేదు. దారిలో బోరింగు దగ్గర ఆగి ప్యాంటు మోకాళ్ల దాకా తడుపుకున్నాడు, అంతే.

ఇంటికి వెళ్లేసరికి బామ్మర్ది లింగస్వామి వచ్చి ఉన్నాడు. చిట్యాలలో ఉంటాడు, లారీ నడుపుతాడు, బావను పట్టుకుని ఆడించడమంటే అతనికి బిర్యానీతో సమానం. గోవిందమ్మ పీట వేసుకుని కాగితం విప్పింది. లోపల చేప గుండ్రంగా, పల్చగా, తెల్లగా, సత్తుపళ్లెం లాగా ఉంది. దాని పొట్టకింద నుంచి చిన్న మంచుగడ్డ జారి నేలమీద పడింది.

ముగ్గురూ కాసేపు ఆ మంచుగడ్డనే చూశారు.

"నీళ్లు జర సల్లగున్నయి ఇయ్యాల," అన్నాడు శ్రీశైలం.

"బావా, గిది చందువ," అన్నాడు లింగస్వామి. "బందరుల తిన్న నేను. సముద్రంల తప్ప దొర్కదు. కృష్ణల ఎట్ల పడ్డది?"

శ్రీశైలం వెనక్కి తగ్గే రకం కాదు. "బ్యాక్ వాటర్ అంటే ఏందిరా? ఎనుకకొచ్చిన నీళ్లు. ఏడికెళ్లి వచ్చినయి? సముద్రంకెళ్లే గద. నీళ్లు వచ్చినప్పుడు శాప రాదా?"

"నడుమ ఆనకట్టలున్నయి గద బావా."

"ఆనకట్టలకు గేట్లుంటయి."

"అవి టోల్ గేట్లేమో," అన్నాడు లింగస్వామి మెల్లగా. ఐసు పెట్టెలు వేసుకుని హైవే మీద వచ్చే లారీలు అతనికి తెలియనివా!

గోవిందమ్మ చందువను కోసి, పులుసు పెట్టి, ఇద్దరికీ వడ్డించింది. తమ్ముడు వెళ్లిపోయాక ఆమె గడప దగ్గర కూర్చుంది.

"గాలానికి పడ్డ శాపకు మూతికి బొక్క ఉంటది," అన్నది. "రెండేండ్ల సంది నీ శాపలు కోస్తున్న. ఒక్కదానికన్న బొక్క లేదు."

శ్రీశైలానికి తల కొట్టేసినట్టయింది. రెండేళ్లుగా తాను చెప్పిన కథలన్నీ, గంటసేపు లాగిన బొచ్చె, తప్పించుకున్న పెద్ద రవ్వ, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. "మరి ఎందుకు అడగలేదే?" అన్నాడు చిన్నగా.

"అడిగితే నువ్వు ఇంట్లనే కూసుంటవు. రిటైరైన కొత్తల మూడు నెలలు కూసుంటివి. చారుల ఉప్పెక్కువ, కూరల ఉప్పు తక్కువ అని టికెట్లు చెక్ చేసేటోని లెక్క పొయ్యి కాడ నిలబడితివి. నాకు గా ఒక్క ఐతారమన్న కావాలె." కొంచెం ఆగి తీర్పు చెప్పింది. "మోటరు అమ్ము. పడవ ఉండనియ్యి. తెడ్డేసుకో. మోటరు మీద పోతే పగటికే వస్తున్నవు. తెడ్డయితే పొద్దూకుతది."

మోటరు పోయింది, దానితోపాటు హారన్ కూడా పోయింది. మరుసటి ఐతారం శ్రీశైలం పాసు మీద బస్సెక్కి, డ్రైవరుకు న్యూట్రల్ గురించి దారి పొడుగునా పాఠం చెప్పి, నీళ్ల దగ్గర దిగాడు. తెడ్డు వేయడానికి భుజాలు ఒప్పుకోలేదు. ఒక్క మలుపు తిరిగేసరికి ఒగర్పు వచ్చి, గాలం వేసి కూలబడ్డాడు. చుట్టూ చప్పుడు లేదు. ఎక్కడో కొండమీద నెమలి అరిస్తే రెండేళ్లలో మొదటిసారి విన్నాడు. అంతలో దారం గుంజింది.

జానెడు రవ్వపిల్ల. శ్రీశైలం సంతోషం పట్టలేక హారన్ కోసం చెయ్యి చాపాడు. హారన్ లేదని గుర్తొచ్చి తానే నోటితో ఒకసారి 'పోమ్' అని హారన్ కొట్టాడు. అరవై ఏళ్ల మనిషి పడకూడనంత ఆనందం పడ్డాడు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. గోవిందమ్మ చేపను బల్బు కిందికి పట్టుకుపోయి మూతి చూసింది. చిన్న బొక్క ఉంది. దానిమీద వేలు పెట్టి చూసింది, మళ్లీ చూసింది. కోసేటప్పుడు కూడా తలను పారేయకుండా పక్కన పెట్టుకుని దానివైపే చూస్తూ పులుసు పెట్టింది.

ఆ కొంచెం పులుసు ఇద్దరూ పంచుకున్నారు. ఉప్పు సరిపోయిందా అని ఆమె అడిగింది. పెళ్లయినప్పటి నుంచి ఆమె ఆ ప్రశ్న అడగడం అదే మొదలు, అడగకముందే ఆయన చెప్పేవాడు కనుక.

"సరిగ్గ సరిపోయింది," అన్నాడు శ్రీశైలం, మరో గరిటె వేయమని కంచం జరుపుతూ.

గోవిందమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. చేప మూతిని చూసే ధ్యాసలో ఆమె పులుసులో ఉప్పే వేయలేదు.

"అబద్ధాలు ఇంక మానలేదు నువ్వు," అని ఉప్పు డబ్బా ఆయన ముందుకు జరిపింది.