తీగలాయన కార్డు

మూలమంచం పక్కనున్న బల్లను జరిపితే గాని గోడమీది ప్లగ్గు అందదు. బల్లమీద నీళ్ళగ్లాసు, మందుబిళ్ళలు, కాడలు విప్పి ఉన్న కళ్ళజోడు. కిందపడి పగులుతుందేమోనని తీగలాయన కళ్ళజోడు తీసి కంప్యూటరు పెట్టెమీద ఉంచి, మోకాళ్ళమీద వంగాడు. ఈమధ్య వంగితే లేవడానికి గోడ సాయం కావలసివస్తోంది.

ఆస్పత్రిలో కంప్యూటర్లు బిగించి బాగుచేసే ఆయన్ని అందరూ తీగలాయనే అంటారు. అసలు పేరు చొక్కామీది బిళ్ళపై ఉంటుంది గాని, దాన్ని చదివినవాళ్ళు లేరు. బట్టతల, జేబులో స్క్రూడ్రైవరు, ఎవరేమన్నా "సరేనండి" అనే నోరు. ఆస్పత్రిలో పనిచేస్తూ కూడా మొహమాటానికి మందు తెచ్చుకోలేకపోయాడని ఇంట్లో భార్య దెప్పుతూ ఉంటుంది.

ఇవాళ వార్డులో కార్డుల పని. ఇన్నాళ్ళూ ఈ కంప్యూటరును అందరూ ఒకే పాస్‌వర్డుతో వాడారు. ఎవరు ఏం ఎక్కించారో దేవుడికే తెలియాలి. ఇకమీదట ఎవరి కార్డు వాళ్ళది, ఎక్కించినదాని కింద ఆ కార్డు పేరే పడుతుంది. కంప్యూటరుకు తగిలించిన రీడరులో పెడితే మందుల పట్టిక, పరీక్షల ఫలితాలు అన్నీ ఒక్కసారే తెరుచుకుంటాయి, తీస్తే మూతపడతాయి. కార్డు వదిలి వెళ్ళడమంటే ఇంటి తలుపులు బార్లా తెరిచి ఊరెళ్ళడమేనని మొన్న నర్సులందరికీ పాఠం చెప్పింది ఈయనే.

"బాబూ, నా కళ్ళజోడు," అన్నాడు మంచంమీది పెద్దాయన. చేతులు దుప్పటిని తడుముతున్నాయి. "మా అమ్మాయి వస్తానంది. మొహం సరిగ్గా కనపడాలి కదా."

"ఈ ఒక్క తీగా బిగించి ఇస్తానండి."

ఇంతలో నర్సమ్మ వచ్చి తన కార్డు పెట్టింది. కంప్యూటరు ఒప్పుకోలేదు. ఆ కార్డును పై అంతస్తుకు తీసుకెళ్ళి సరిచేసి తేవాలి. "అందాకా నా పని ఆగాలా? మీ కార్డు పెట్టి వెళ్ళండి బాబాయ్," అంది. కుదరదని చెప్పాలి. చెప్పబోయాడు కూడా. కానీ ఆమె ముఖంలో విసుగు చూసేసరికి "సరేనండి" అనేశాడు. ఏ వార్డులోనైనా అన్నిటినీ తెరిచే తన కార్డును రీడరులో దూర్చి, ఆమెది పట్టుకుని మెట్లెక్కాడు. పైన ఇంకెవరో ఇంకో పని చెప్పారు. అక్కడా సరేనన్నాడు.

చాలాసేపటికి తిరిగి వచ్చేసరికి మూలమంచం ఖాళీగా ఉంది. దుప్పటి మార్చేశారు. పెద్దాయన నిద్రలోనే పోయాడని, డాక్టరు వచ్చి చూసి వెళ్ళాడని నర్సమ్మ చెప్పింది. వివరాలు కంప్యూటరులో ఎక్కించి, కాగితం తీసి కూతురికి ఇచ్చిందట. ఆయన సరిచేసి తెచ్చిన తన కార్డు తీసుకుని అవతలి మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

కూతురు చేతిసంచితో అక్కడే నిలబడి ఉంది. తీగలాయన చొక్కామీది బిళ్ళను చదివి, చేతిలోని కాగితం చూసుకుని, దగ్గరికి వచ్చింది.

"డాక్టరుగారూ, మీరేనా?" కాగితం అడుగున, మరణం నమోదు చేసినవారు అన్నచోట, ఆయన పేరే ఉంది. "నేను దారిలోనే ఉండిపోయాను. చివర్లో మీరు దగ్గరున్నారు కదా. నాన్న ఏమైనా అన్నారా?"

తీగలాయనకు చెవులదాకా వేడెక్కింది. డాక్టర్ని కానమ్మా, ఇక్కడ ఉన్నది నా కార్డే గాని నేను కాదు అని చెప్పాలి. అంతలో ఆమె భుజం మీదుగా కంప్యూటరు పెట్టె, దానిమీది కళ్ళజోడు కనిపించాయి. చెయ్యి చాపితే అందే దూరంలో పెట్టి, పెద్దాయనకు ఇవ్వడం మరిచిపోయాడు. ఉన్నచోటే భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"మీరు వస్తారన్నారమ్మా." అది నిజమే.

"ఇంకేమైనా అడిగారా?"

"ఏమీ అడగలేదు."

ఆమె రెండు చేతులూ జోడించింది. "ఒక్కరే పోలేదు. అదే చాలండి."

ఆ చేతులకేసి ఆయన చూడలేకపోయాడు. ఆమె సంచిలో తండ్రి చొక్కా, కళ్ళజోడు పెట్టుకునే డబ్బీ ఉన్నాయి. డబ్బీ మూత తీసి చూసుకునే స్థితిలో ఆమె లేదు. గుమ్మం దాటుతుంటే పిలుద్దామనుకున్నాడు. పిలిస్తే, ఏమీ అడగలేదన్న మాట ఏమైపోతుంది? ఆమె అడుగుల చప్పుడు మెట్లమీద తగ్గిపోయేదాకా నిలబడే ఉన్నాడు.

తర్వాత రీడరులోంచి తన కార్డు లాగాడు. తెరమీద అన్నీ మూతపడ్డాయి. పెట్టెమీద పెద్దాయన కళ్ళజోడు, కాడలు విప్పుకుని, ఖాళీ మంచంవైపు తిరిగి ఉంది.